మూత మీద బొట్టు

నాకు చదువు అచ్చిరాలేదు. ఐదో తరగతిలో ఉండగానే బడి నాకూ, నేను బడికీ సెలవిచ్చుకున్నాం. ఇద్దరిలో ఎవరికీ బెంగ కలగలేదు. ఆ తర్వాత విజయనగరంలో ఒక లారీ షెడ్డులో గ్రీజు పూసుకుంటూ పెరిగాను. పందొమ్మిది వందల అరవైల చివరికొచ్చేసరికి లారీ పని, ఆయిలింజను పని, రేకు పని, కన్నాలకి మాట్లు వెయ్యడం, ఏది ఇచ్చినా కాదనకుండా చేసేవాణ్ణి. చేతికంటే నోరు ఎక్కువ పని చేసేది. షెడ్డులో నా చుట్టూ ఎప్పుడూ నలుగురు చేరి నవ్వుతూ ఉండేవారు. దీపాలు పెట్టే వేళకి ఆ నలుగురూ నవ్వు తుడుచుకుని ఇళ్లకు పోయేవారు. వాళ్లకి ఇళ్లున్నాయి. నాకు గది ఉంది. గదిలో జోకు వేస్తే అది గోడకి తగిలి మనకే తిరిగొస్తుంది. అందుకని గదిలో నేను చాలా పెద్దమనిషిని.

అలాంటి రోజుల్లో ఒకాయన షెడ్డు గుమ్మంలో సైకిలు దిగాడు. యాభై దాటిన మనిషి. చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని ఉన్నాడు, మే నెలలో.

"మాట్లేసీవోడెవడ్రా ఇక్కడ?" అన్నాడు.

"నానే మావా. బిందెకా, బాల్చీకా?"

"ఇమానానికి."

షెడ్డంతా నా మొహం వైపు చూసింది.

మావ అంటే చుట్టరికం కాదు. మా వైపు నోరు తెరిస్తే ముందు రాలే మాట అది. ఆయనా వెంటనే "అల్లుడూ" అనేశాడు. ఇవ్వడానికి కూతురు లేని మావ, అడగడానికి ఇల్లు లేని అల్లుడు. ఆ చుట్టరికం అలా కుదిరింది.

ఊరికి దూరంగా, యుద్ధం రోజుల్లో విమానాల కోసం చదును చేసిన మైదానం ఒకటుండేది. విమానాలు పోయాయి, కంకర బాట మిగిలింది. దాని మీద చుట్టుపక్కల రైతులు గోగునార ఆరబెట్టుకునేవారు. బాట పక్కనే ఒక నార వ్యాపారి రేకుల గోదాము. పంట చేతికొచ్చి గోగుకట్టెలు నీళ్లలో నానబెట్టి నార తీసే కాలంలో అది పైకప్పుదాకా నిండుతుంది. తక్కిన నెలలన్నీ ఖాళీ. ఆ ఖాళీలో మావ విమానం కట్టుకుంటున్నాడు. "నార వచ్చీ దాకా వాడుకో, వచ్చింతర్వాత ఒక్క పూట కూడా ఆగను" అని షావుకారు ముందే చెప్పేశాడట.

నేను మొదట చూసినప్పుడు అది విమానంలా లేదు. గుడ్డ చుట్టిన పాడెలా ఉందని నోటిదాకా వచ్చింది, మింగేశాను. వెదురు బద్దల్లా సన్నటి కర్రలు, వాటి మీద బిగించిన గుడ్డ, గుడ్డ మీద ముక్కు మండిపోయే వార్నిషు. ముందు తుక్కులో కొన్న చిన్న ఇంజను, దాని ముక్కున కర్ర పంకా. మావ సైన్యంలో చాలా ఏళ్లు విమానాల బోల్టులు బిగించాడు. ఆయన బిగించినవి వేరేవాళ్లు ఎక్కి ఎగిరేవారు. ఒక్కటి, ఒక్కసారి, తన చేత్తో తను నేల మీంచి లేపాలని ఆయన కోరిక. అనుమతులూ అవీ అడిగితే "ముందు లేవనీరా, దింపీడానికి అప్పుడెలాగూ వస్తారు" అనేవాడు.

పెట్రోలు ట్యాంకు నా వంతు. రేకులు కోసి, వంచి, అతికి, నీళ్లు పోసి చూసి, చుక్క కారలేదని మురిసిపోయాను. ఇంజనుకీ మావ కూర్చునే చోటుకీ మధ్య, ఇంజనుకంటే ఎత్తులో దాన్ని కూర్చోబెట్టాం. పెట్రోలు దానంతటదే కిందికి దిగుతుంది, పంపు అక్కర్లేదు. మూత మాత్రం పైకి కనిపిస్తూ ఉంటుంది. మావ చెప్పినట్టు మూత నడిమధ్యలో మేకుతో సన్నటి కన్నం పొడిచాను. పెట్రోలు దిగినకొద్దీ ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి కదా, ఆ కన్నం అందుకు.

గోదాము గుమ్మంలో ఒకామె కూర్చుని ఉండేది. మావకి అక్క. మా వైపు అక్కని అప్ప అంటాం, ఆయన అలాగే పిలిచేవాడు. నాకు పెద్దమ్మ. ఆమెకి పదిహేనేళ్లయినా నిండకుండానే మొగుడు పోయాడట. అప్పటినుంచీ ఆమె వెనకింట్లోనే బతికింది. పెళ్లిళ్లలో పొయ్యి దగ్గర ఉంటుంది, పీటల దగ్గర ఉండదు. ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే తనే తలుపు చాటుకి తప్పుకుంటుంది, ఎదురు రాకూడదని. కుంకం ముట్టుకోనివ్వరు. ఎవరూ తిట్టి చెప్పలేదు, అలా జరిగిపోయింది అంతే. తమ్ముడు సైన్యం నుంచి తిరిగొచ్చి ఒంటరిగా వండుకుంటుంటే వచ్చి దగ్గరుంది.

నా జోకులకి పెద్దమ్మ ఎప్పుడూ నవ్వేది కాదు. నేను మొదట్లో పంతం పట్టి నవ్వించాలని చూశాను. అంతా విని, "తిన్నావేట్రా?" అనేది. షెడ్డులో నలుగురూ నవ్వేవారు గానీ ఆ ముక్క ఎవరూ అడిగేవారు కాదు. అందుకే లారీ షెడ్డులో పని అవగానే సైకిలు తనంతట తనే మైదానం దారి పట్టేది.

ఇంజను మొదటిసారి తిప్పే రోజున మావ అన్నాడు: "అప్పా, బొట్టెట్టు."

పెద్దమ్మ వెనక్కి చూసింది, వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

"నానేటి, బొట్టెట్టడవేటి!"

"ఇంకెవలెడతారు? ఈడెడతాడా?" అని నన్ను చూపించాడు.

"నానెడితే బొట్టు వంకరగా వస్తాది పెద్దమ్మా. నా మొహానికే సరిగ్గా ఎట్టుకోలేను" అన్నాను.

ఆమె పెట్టె అడుగునుంచి వాళ్లమ్మ నాటి భరిణె తీసింది. ఎక్కడ పెట్టాలో తెలియక విమానం చుట్టూ తిరిగింది. గుడ్డ మీద వద్దు, వార్నిషు పాడవుతుందన్నాడు మావ. పంకా మీద వద్దు, తిరిగితే చిమ్మేస్తుందన్నాడు. చివరికి, "మూత మీద ఎట్టప్పా, అదే దాని నెత్తి" అన్నాడు. ఆమె బొటనవేలు కుంకంలో ముంచి మూత నడుమ ఒత్తింది. తర్వాత ఆ వేలు చెంగుకి తుడుచుకోకుండా చాలాసేపు దూరంగా పట్టుకుని కూర్చుంది.

ఇంజను పలికింది. పంకా గాలికి బొట్టు కాస్తా ఎగిరిపోయింది. అది చూసి ఆమె నొచ్చుకుంది. మరుసటిసారి పసుపు ముద్దలో ఆముదం కలిపి మెత్తి, దాని మీద కుంకం అద్దింది. అది లక్కలా పట్టేసింది. పెట్రోలు ఒలికినా కరగలేదు. అప్పటినుంచి ఇంజను తిప్పబోయే ముందల్లా పాత బొట్టు మీదే కొత్త బొట్టు. మావ కళ్లకి గాలి అద్దాలు తగిలించుకుంటూ "అప్పా, ఎదురు రా" అనేవాడు. ఆమె విమానం ముందు నుంచి నడిచి వచ్చి పక్కకి తప్పుకునేది. అరవై ఏళ్ల మనిషి, నడకలో మాత్రం కొత్త చీర కట్టుకున్న పిల్ల. ప్రపంచం మొత్తం మీద ఆమెని ఎదురు రమ్మని పిలిచేది ఆ ఒక్కచోటే.

వానలు పడ్డాక విమానానికి జబ్బు మొదలైంది. ఇంజను బాగానే పలికేది, బాట మీద విమానం ఆ చివరిదాకా పరిగెత్తేది, తిరిగొస్తుండగా దగ్గి, ఆయాసపడి, ఆగిపోయేది. దిగి మూత తీసి చూస్తే పెట్రోలు నిండుగా ఉండేది. మూత బిగించి తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ పలికేది. మళ్లీ కాసేపటికి అదే తంతు. రోజులు గడిచినకొద్దీ ఇంకా ముందే ఆగడం మొదలైంది.

ట్యాంకు నాది కాబట్టి అనుమానమూ నాదే. అతికినప్పుడు లోపల తగరపు పూసలు రాలిపడి దారికి అడ్డం పడుతున్నాయనుకున్నాను. ట్యాంకు దింపి, గుప్పెడు చిన్న గులకరాళ్లు వేసి, పసిపిల్లని ఊపినట్టు ఊపి కడిగాను. ఏమీ రాలేదు. పెట్రోలు దిగే రాగి గొట్టం విప్పి నోటితో ఊదాను. శుభ్రంగా ఉంది. గొట్టం మొదట్లో పెట్రోలు వడకట్టే జల్లెడ విప్పాను, నార పీచు ఒక్కటి లేదు. పెట్రోలులో నీళ్లు కలిశాయేమోనని సీసాలో పోసి ఎండలో పెట్టి చూశాం. లేవు. ఇంజను కింద పెట్రోలు నిలిచే గిన్నె మావ విప్పి, తుడిచి, బిగించాడు. ప్రతిదీ బాగు చేసిన వెంటనే ఇంజను మమ్మల్ని సంతోషపెట్టడానికన్నట్టు పలికేది, మేము సంతోషపడ్డామని తెలియగానే ఆగిపోయేది.

"మావా, దీనికి మన మాటలు వినబడతన్నాయి. పైకి తిట్టు, లోపల పొగుడు" అన్నాను.

మావ నవ్వలేదు. దసరా తర్వాత వచ్చే సిరిమానోత్సవం అయిపోయింది. చేలల్లో గోగు కోతలు పడ్డాయి. చెరువుల వైపునుంచి కుళ్లిన కట్టెల వాసన గాలిలో వస్తోంది. ఆ వాసన వచ్చిందంటే నార ఇంకెంతో దూరంలో లేదు. నార వస్తే గోదాము ఖాళీ చెయ్యాలి. రెక్కలు విప్పి పెట్టుకోవడానికి వాళ్లకి వేరే చోటు లేదు. అప్పటికి లేవకపోతే అది ఇంక ఎప్పటికీ లేవదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ముగ్గురం వేరే వేరే వైపులకి చూస్తూ పని చేసేవాళ్లం.

నా సంగతి ఇంకొకటుంది. లేచినా, లేవకపోయినా, నార వచ్చాక నా సైకిలుకి ఆ దారి ఉండదు. ఇంజను ఆగిన ప్రతిసారీ ఇంకో సాయంత్రం మిగిలిందని నాలో ఒక మూల ఊరట ఉండేది. ఆ ఊరటకి నేనేం చెయ్యలేదు, దాన్ని పోషించలేదు కూడా. అలా ఉండేది, అంతే.

ఒక మధ్యాహ్నం విమానం బాట మధ్యలో ఆగిపోయింది. ఇద్దరం తోసుకుంటూ గోదాము నీడకి తెచ్చాం. మావ రెక్క కింద చతికిలబడి, "ఒగ్గేద్దాం రా అల్లుడూ" అన్నాడు. ఆయన నోట ఆ మాట నాకు బాగులేదు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలని మూత విప్పబోయాను.

గోదాములో ఎక్కడ చూసినా పాత నార పీచే. మూత అంచు మీద కూడా ఒక పోగు పడి ఉంది. మూత కొంచెం తిప్పగానే 'సుయ్' మంది. అది కొత్త కాదు, ఎప్పుడూ అనేదే. పెట్రోలు ఎండకి ఆవిరై బయటికొస్తోందని మావ అంటే నేనూ అదే అనుకున్నాను. కానీ ఈసారి ఆ పీచు బయటికి ఎగరలేదు. మూత కింది సందులోకి జారి లోపలికి పోయింది, తాత నోట్లోకి సేమ్యా పోగు పోయినట్టు. ఆ వెంటనే ట్యాంకు రేకు 'టప్' మని పొంగింది, అంతవరకూ పీక్కుపోయి ఉన్న బుగ్గ సర్దుకున్నట్టు.

గాలి బయటికి రావడం లేదు. లోపలికి పోతోంది. అంటే లోపల గాలి లేదు.

మూత తిరగేశాను. అడుగునుంచి నా కన్నం నున్నగా కనిపిస్తోంది. సన్నటి తీగ దూర్చాను. రేకు దాటి ఆగిపోయింది. తిప్పి పైకి చూశాను. తీగ ఆగిన చోట పసుపు, ఆముదం, కుంకం, పొర మీద పొర, ఎర్రటి బిళ్ల.

చంటిపిల్లాడు సీసా మూతి పూర్తిగా నోట్లో బిగించి పీలిస్తే కాసేపటికి నీళ్లు రావు. మూతి వదిలితే బుడగలు పోయి మళ్లీ వస్తాయి. మేము ఎన్నిసార్లు మూత తీసి చూశామో అన్నిసార్లూ దాన్ని బాగు చేశాం, మూత పెట్టి బొట్టు పెట్టినప్పుడల్లా మళ్లీ పాడుచేశాం.

మావ పక్కన కూర్చుని తీగా మూతా చేతిలో పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత గుమ్మం వైపు చూశాడు. పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"అప్పకి సెప్పకు" అన్నాడు మెల్లగా.

"సెప్పకపోతే రేపు మళ్లీ ఎడతాది కదా మావా."

"ఎట్టనీ. దీనికి ఊపిరి ఇంకో పక్కనించి తెప్పించు."

లారీ షెడ్డునుంచి పాత రాగి గొట్టం ముక్క తెచ్చాను. కొసని వంచి, నోరు ముందుకు ఉండేలా, మూత అంచుకి దగ్గరగా కన్నం పెట్టి అతికాను. విమానం పరిగెడితే గాలి దానంతటదే లోపలికి వెళ్తుంది. మాటు పట్టాలంటే మూత వేడెక్కాలి, వేడెక్కేసరికి ఆ బిళ్ల పొగలు కక్కి పెచ్చులుగా లేచిపోయింది. గీకి తుడిచేశాను. ఇంజను తిప్పితే మైదానం ఆ చివరికీ ఈ చివరికీ ఎన్నిసార్లు తిరిగినా ఆగలేదు. మావ కిందికి దిగి ఇంజను మీద చెయ్యి వేసి నిలబడిపోయాడు, జ్వరం తగ్గిందో లేదో చూస్తున్నట్టు.

తెల్లారితే లేపుదామన్నాడు. ఆ సాయంత్రమే పెద్దమ్మ భరిణె పట్టుకుని మూత దగ్గరికి వచ్చింది.

"ఇదేట్రా, కొమ్ము మొలిసినాది?"

"కొమ్ము కాదు పెద్దమ్మా, ముక్కు. ముక్కు లేదని సంబంధాలు రావట్లేదు, అందుకని అతికించాం."

"నానెట్టిన బొట్టేది?"

"మాటేసినప్పుడు యేడికి కాలిపోనాది."

అది అబద్ధం కాదు. ఆమె బొటనవేలు మూత నడుమ ఆనించి ఉంచింది.

"కన్నం ఇక్కడే కదా ఉండీది" అంది. "నువ్వు మేకుతో పొడిసినప్పుడు నానిక్కడే ఉన్నాను."

నేను గొట్టం మీద లేని మసి తుడిచాను. ఆమె భరిణె మూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట "తిన్నావేట్రా" అని అడగలేదు.

తెల్లవారి మంచు విడుతుండగా విమానాన్ని బాట మీదికి తోశాం. గాలి లేదు. ఎండ ముదిరితే సముద్రం వైపునుంచి గాలి లేస్తుంది, అప్పుడు వీలుకాదు. మావ ఎక్కి కూర్చున్నాడు. నేను పంకా పట్టుకున్నాను. పెద్దమ్మ లేదు. గోదాము తలుపు చాటున చీర అంచు కనిపిస్తోంది. మొగుడు పోయినప్పటినుంచీ నిలబడడం నేర్చుకున్న చోట నిలబడింది.

"అప్పా, ఎదురు రా" అని పిలిచాడు మావ.

"ఎల్లిరారా. నాను రాను."

"రాకపోతే దిగిపోతాను."

"నా సెయ్యి మంచిది కాదురా! సూసినావు కదా, ఊపిరే ఆపీసినాది!"

మావ దిగడానికి కాలు బయటపెట్టాడు. సూర్యుడు కొండ అంచు దాటాడు. ఇంకాస్తసేపు అలాగే ఉంటే గాలి లేచేస్తుంది. నేను పంకా వదిలేసి తలుపు దగ్గరికి వెళ్లాను.

"పెద్దమ్మా, నువ్వు బొట్టు పల్సగా ఎట్టుంటే ఏటయ్యేదో తెలుసా? సగం సగం ఊపిరితో బాగానే లేసీది. తాడిచెట్టంత ఎత్తుకెళ్లి అక్కడ ఆగీది. మీ తమ్ముడు ఇప్పుడు గోడ మీద పటంలో ఉండీవోడు. నువ్వు పిసినారివి కాదు కాబట్టి మందంగా మెత్తేవు, కాబట్టి నేలమీదే ఆగినాది. ఆ బొట్టే ఆడి పేనం కాసింది. కావాలంటే ఆణ్ణే అడుగు."

"నిజవేనప్పా" అని మావ అక్కడినుంచి అరిచాడు. ఆయనకి ఆ లెక్క అప్పుడే తట్టిందని గొంతు చెప్పేసింది.

తలుపు చాటునుంచి చిన్నగా, ముక్కులోంచి, ఒక నవ్వు. నేను అన్ని నెలలు కష్టపడి జోకులన్నీ గుమ్మరించినా రానిది, ఉన్నమాట చెబితే వచ్చింది.

ఆమె వచ్చింది. మూత మీద రాగి గొట్టానికి దూరంగా, ఈసారి ఆముదం లేకుండా, చిన్న చుక్క పెట్టింది. గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూసి, "దీనికి అడ్డం రాలేదు కదూ?" అంది. తర్వాత ముందు నుంచి నడిచి వచ్చింది.

విమానం లేచింది. తాడిచెట్టంత ఎత్తు. మైదానం మీద ఒక చుట్టు తిరిగింది. ఎండలో గుడ్డలోంచి కర్రలు ఎముకల్లా కనిపించాయి. ఇంజను చప్పుడు ఒక్కసారి కూడా తడబడలేదు. పెద్దమ్మ పైకి చూడలేదు. కళ్లు మూసుకుని చెవి ఒగ్గి నిలబడింది, చప్పుడు ఉన్నంతసేపూ తమ్ముడు ఉన్నట్టే. దిగాక మావ చాలాసేపు సీటులోంచి లేవలేదు.

వారం తిరగకముందే నార బళ్లు వచ్చాయి. రెక్కలు విప్పాం. వాళ్ల దూరపు చుట్టం ఒకాయన ఒడిశా వైపు చోటిస్తానన్నాడట, లారీ మీద ఎక్కించాం. గుడ్డకి గీత పడకుండా నేనే తాళ్లు బిగించాను. మావ వెనక రెక్కల దగ్గర ఎక్కాడు. పెద్దమ్మ డ్రైవరు పక్కన కూర్చుని, "రోజూ తినరా" అంది. లారీ కదిలింది. నేను చెయ్యి ఊపాను, తర్వాత ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం సైకిలు అలవాటు కొద్దీ అటు తీసుకుపోయింది. బాటంతా తెల్లగా నార ఆరేసి ఉంది. గోదాము నిండా మోపులు, పెద్దమ్మ కూర్చునే గుమ్మం కూడా మూసుకుపోయింది. కొత్త కాపలావాడు కర్ర పట్టుకుని లేచాడు.

"ఏటి కావాల?"

"ఏమీ లేదన్నా. ఇక్కడో ఇమానం ఉండీది."

అతను నన్ను కిందినుంచి మీదిదాకా చూశాడు. చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్లనీళ్లు తుడుచుకుని నవ్వాడు. నా జోకుల్లో అంతగా పండింది ఇంకొకటి లేదు. అతనికి తోడుగా నేనూ కాస్త నవ్వి, చీకటి పడకముందే సైకిలెక్కాను.